తెరలోని నేస్తాలు

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. రాసినవాడు ఏడో తరగతి కుర్రవాడు. వాళ్ళ అన్నయ్య ఇంజనీరింగు చదువుతున్నాడట. రాత్రి కంప్యూటరు ముందు కూచుని "మాస్ ఎఫెక్ట్" అనే ఆట ఆడుతూ, అందులో ఒక నేస్తం చచ్చిపోతే నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడట. మనవాడు పకపకా నవ్వాడు. అప్పటినుంచి రెండు రోజులుగా అన్నయ్య వాడితో మాట్లాడటం లేదు. "మామయ్యా, బొమ్మ చస్తే ఏడవటమేమిటి? తప్పు నాదా, అన్నయ్యదా?" అని అడిగాడు.

తీర్పు తర్వాత. ముందు ఆ నేస్తాలెవరో చూద్దాం.

ఈ ఆటను తయారుచేసింది కెనడా దేశంలో ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ అనే సంస్థ. మొదటి భాగం 2007లోనూ, రెండోది 2010లోనూ, మూడోది 2012లోనూ వచ్చాయి. 2017లో ఇంకొకటి వచ్చింది గాని, అందులో నేస్తాలు వేరు. అన్నట్టు, ఇవి పదిహేడేళ్ళు నిండినవారి కోసం చేసినవి. ఆడటానికి మీరు ఇంకా కొన్నాళ్ళు ఆగాలి. కథ వినటానికి మాత్రం ఆగనక్కరలేదు.

కథ క్రీ. శ. 2183లో మొదలవుతుంది. ఆడేవారే షెపర్డ్ అనే సేనాని. "నార్మండీ" అనే అంతరిక్షనౌక వారిది. అందులోకి రకరకాల జాతులవారు ఒక్కొక్కరే వచ్చి చేరతారు. వాళ్ళలో గారస్ అంటే చాలామందికి ప్రాణం. అతను ట్యూరియన్ జాతివాడు, పోలీసు ఉద్యోగం చేసి విసిగి వచ్చినవాడు, గురి తప్పనివాడు. మూడు భాగాలలోనూ మన వెంట ఉంటాడు. పలకరించబోతే మాత్రం, ఫిరంగులు సరిచూసుకుంటున్నాను, తర్వాత రమ్మంటాడు!

ఈ గారసూ, టాలీ అనే పిల్లా మన వంట తినలేరు. ఎందుకో తెలుసా? మన శరీరంలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ఇటికలతో కట్టినవి. ఈ ఇటికలలో దాదాపు ప్రతిదానికీ రెండు రూపాలుంటాయి, ఎడమకాలి చెప్పూ కుడికాలి చెప్పూ లాగా. ఒకే తోలు, ఒకే కొలత, అయినా ఒక కాలిది ఇంకో కాలికి పట్టదు. భూమిమీది ప్రాణులు మాంసకృత్తులు కట్టుకోవటానికి ఎడమవాటినే వాడతాయి. గారస్, టాలీల జాతులు కుడివాటిని వాడతాయని కథ. ఆ జాతులు కల్పితమే గాని ఎడమా కుడీ కల్పితం కాదు. చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లం ఉన్నదే, దాని లవణం ఒకదానిని 1848లో పాశ్చర్ పరిశీలించాడు. స్ఫటికాలు కొన్ని ఎడమవాటుగానూ, కొన్ని కుడివాటుగానూ ఉన్నట్టు గమనించి, ఓపికగా ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు చేశాడు.

నాకు అందరికన్నా ఇష్టుడు మోర్డిన్. అతను సలేరియన్ జాతి శాస్త్రజ్ఞుడు. ఆ జాతివారు నలభై ఏళ్ళు మించి బతకటం అరుదు. అందుకేనేమో, సగం మాటలు మింగేస్తూ గబగబా మాట్లాడతాడు. ఒకచోట 1879 నాటి ఇంగ్లీషు హాస్యనాటకంలోని పాటను తనకు తగినట్టు మార్చుకుని పాడతాడు కూడా.

కాని ఇతని వెనక ఒక పెద్ద బరువు ఉన్నది. క్రోగన్లు అనే యోధజాతి ఉన్నది. వాళ్ళు వెయ్యేళ్ళు బతకగలరు. ఒకప్పుడు వాళ్ళు తామరతంపరగా పెరిగి అందరిమీదా యుద్ధానికి దిగితే, వాళ్ళ సంతానాన్ని అరికట్టే ఒక జబ్బును సలేరియన్లు తయారుచేశారు. వెయ్యి కానుపులకు ఒక్క బిడ్డ దక్కేది. కాలక్రమాన క్రోగన్ల శరీరాలు ఆ జబ్బును తట్టుకోసాగాయి. అప్పుడు దాన్ని తిరిగి పదునుపెట్టినవారిలో మోర్డిన్ ఒకడు! రెండో భాగంలో మనం అడిగితే లెక్కలు చూపిస్తాడు. అట్లా చెయ్యకపోతే మళ్ళీ యుద్ధం, ఇంకా ఎక్కువ చావులు అంటాడు. లెక్కలో తప్పు కనిపించదు. కాని ఆ జబ్బుకు మందు దొరుకుతుందేమోనన్న ఆశతో పరీక్షలకు ఒప్పుకుని చచ్చిపోయిన ఒక క్రోగన్ స్త్రీ శవం ముందు నిలబడినప్పుడు, అతని నోట లెక్కలు రావు.

మూడో భాగంలో ఆ మందు తనే తయారుచేస్తాడు. దాన్ని గాలిలో కలపాలంటే, పేలిపోతున్న ఒక గోపురం పైకి ఎవరో ఒకరు వెళ్ళాలి. ఇంకొకరైతే పొరపాటు చేస్తారని తనే వెళతాడు. అన్నీ ముగిశాక సముద్రం ఒడ్డున కూచుని గవ్వలు ఏరుకుంటానన్నవాడు, ఊరికే కూచోలేక ఆ గవ్వలమీద కూడా పరీక్షలు చేస్తానన్నవాడు! చాలామంది ఆటలో అతను తిరిగి రాడు.

టాలీ సంగతి ఇంకో తీరు. ఆమె జాతివారు మరమనుషులను చేశారు. వాటిలో ఒకటి ఒకనాడు, తనకు ఆత్మ ఉన్నదా అని అడిగింది. యజమానులు హడలిపోయి వాటిని ఆపివెయ్యబోయారు. యుద్ధం వచ్చింది, యజమానులే ఓడి ఇల్లు వదిలారు. మూడు వందల ఏళ్ళుగా ఓడలలోనే బతకటంచేత వాళ్ళకు రోగనిరోధకశక్తి క్షీణించింది. అందుకే టాలీ ముసుగు తియ్యదు. ఇట్లాంటి పిల్ల ఉన్న ఓడలోకే లీజియన్ అనే మరమనిషి వస్తాడు. అతని ఒక్క ఒంట్లో 1,183 బుద్ధులు కలిసి ఆలోచిస్తాయి. వాళ్ళిద్దరికీ తగవు వస్తే, తీర్చవలసింది ఆడేవారే!

ఇక్కడే ఉన్నది అసలు కిటుకు. ఒక భాగంలో మనం చేసినదాన్ని తర్వాతి భాగం గుర్తుంచుకుంటుంది. రెక్స్ అనే క్రోగన్ ఉన్నాడు. మొదటి భాగంలో అతను కోపంగా ఉన్నప్పుడు నచ్చచెప్పలేకపోతే అక్కడే చచ్చిపోతాడు. యంత్రానికి ఆ సంగతి ఒక సున్నాయో ఒకటో, అంతే. 2007లో ఆడినవాడికి 2012లో రెక్స్ నిలబడవలసిన చోట వేరొకడు కనిపిస్తాడు.

ఇక తీర్పు. అబ్బాయీ, మోర్డిన్ గోపురం ఎక్కిన రాత్రి నేనూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను, కనక నేను న్యాయాధికారిగా పనికిరాను. అయితే మీ అన్నయ్య ఏడ్చింది ఎవరికోసమో నువ్వు రాయలేదు. మోర్డిన్ కోసమా, రెక్స్ కోసమా? రెక్స్ అయితే, తను సరిగా మాట్లాడి ఉంటే బతికేవాడని అన్నయ్యకు తెలిసే ఉంటుంది. ఈ రాత్రి వెళ్ళి పక్కన కూచుని అడుగు. ఏమన్నాడో నాకు వెంటనే రాయి.