క్యాంపుల్లో పిల్లల ప్రాణాలు ఎవరి చేతుల్లో? వాలంటీర్లకు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు!

సమ్మర్ క్యాంపులు, స్పోర్ట్స్ మీట్లు, ఎన్ఎస్ఎస్ శిబిరాలు.. పిల్లలు, టీనేజర్లు ఎక్కడ చేరినా పక్కన వాలంటీర్లు ఉంటారు. ఏదైనా జరిగితే డాక్టర్ కంటే ముందు చేరేది వాళ్లే. గుండె ఆగితే 4 నుంచి 6 నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 వచ్చేలోపు ఏం చేయాలో వాళ్లకు తెలుసా? అసలు ప్రశ్న ఇదే.

డెమో చూస్తే సరిపోదు

తెలంగాణ ప్రభుత్వం 2023లో పెద్ద ఎత్తున సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. జనంలో అవగాహన పెరిగింది. కానీ చిక్కెక్కడంటే.. శిక్షణ అంటే స్టేజీ మీద ఒకరు చేసి చూపించడం, మిగతావాళ్లు ఫోన్లో వీడియో తీసుకోవడంతో ముగిస్తే లాభం లేదు. బొమ్మ మీద స్వయంగా నొక్కి చూడనివాళ్లకు ఎంత బలం పెట్టాలో తెలీదు. నేర్చుకున్నవాళ్లు కూడా మళ్లీ ప్రాక్టీస్ చేయకపోతే కొన్ని నెలల్లోనే పట్టు కోల్పోతారు.

పిల్లల విషయంలో లెక్క వేరు

పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే చాలాసార్లు గుండె సమస్యే కారణం. పిల్లల్లో ఎక్కువగా ముందు ఆగేది ఊపిరి. నీళ్లలో మునగడం, గొంతులో ఏదైనా అడ్డుపడటం లాంటివి. అందుకే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడంతో పాటు, నోటితో ఊపిరి అందించడం కూడా నేర్పాలి.

ఇవి మాత్రం చేయొద్దు

* ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, నోట్లో స్పూన్ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి కాల్ చేయాలి.
* కాలితే టూత్‌పేస్ట్ రాయొద్దు. 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద ఉంచాలి.
* పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కదలనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

'నామీదకొస్తే?' అన్న భయం

చాలామందిని ఆపేది ఈ భయమే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన సెక్షన్ 134ఏ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. అయితే అది రోడ్డు ప్రమాదాలకే. క్యాంపులో పిల్లాడు పడిపోతే ఈ సెక్షన్ వర్తించదు. కాబట్టి నిర్వాహకులే వాలంటీర్లకు అండగా నిలవాలి. ఆస్తమా, ఫిట్స్, అలర్జీల వివరాలు, తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి.

ఒక్క పూట కేటాయించలేమా?

ఎన్ఎస్ఎస్ వాలంటీర్ రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అందులో ఒక్క పూట బొమ్మల మీద ప్రాక్టీస్, ఏటా ఒక రిఫ్రెషర్ పెట్టడం పెద్ద భారమేం కాదు. తల్లిదండ్రులూ క్యాంపు ఫీజు కట్టేముందు ఒక్క మాట అడగండి: 'మీలో ఫస్ట్ ఎయిడ్ చేయగలిగినవాళ్లు ఎవరు?' సమాధానం రాకపోతే ఆలోచించాల్సిందే.