దూరదర్శనం నేర్పిన చదువు

వినోదాన్ని గురించి ముచ్చటించడం మన విద్యావంతులకు కొంత చిన్నతనంగా తోస్తుంది. చదువును గురించి సభలు జరుపుతాము, తీర్మానాలు చేస్తాము. ఆటను గురించి, పాటను గురించి మాట వస్తే మాత్రం కాలక్షేపమని పక్కకు నెట్టివేస్తాము. కాని బడిలో వల్లించిన పద్యం పరీక్షతోపాటే మరచిపోయినవాడు సైతం చిన్ననాడు చూచిన వీధినాటకంలోని మాటను ముదిమిలో తలచుకొని నవ్వుకుంటాడు. మనిషి మనస్సు పాఠశాలలో ఎంత తయారవుతుందో, పాఠశాల వదలిన తరువాత గడిపే సాయంకాలాలలోనూ అంతే తయారవుతుంది. కనుక బాలుడు ఆ సాయంకాలాన్ని ఏవిధంగా గడుపుతున్నాడన్నది ఉపాధ్యాయుడు పట్టించుకోదగిన విషయమే.

దూరదర్శనం ఒక్కటే ఉన్న కాలంలో పెరిగినవారు ఇప్పుడు నడివయస్సులో ఉన్నారు. వారిలో చాలామంది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు. "మా చిన్ననాటి టీవీ ఎంత బాగుండేది! ఇప్పటి పిల్లలకు ఆ అదృష్టం లేదు" అని వారు తరచుగా అనడం వింటూ ఉంటాము. ఏ తరమైనా తన బాల్యాన్ని బంగారమనే అంటుంది కాబట్టి ఈ మాటను అట్లాగే ఒప్పుకోనక్కరలేదు. అట్లాగని కొట్టివేయనూ కూడదు. అప్పటి కార్యక్రమాలలో ఉత్తమమైనవి ఉన్నాయి, నీరసమైనవీ ఉన్నాయి. ఆ కాలపు విలువ కార్యక్రమాలలో కంటె వాటిని చూచిన పద్ధతిలో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. ఈ భేదాన్ని గ్రహిస్తే, పోయినదానికి వగవడం మాని, అందులో నిలుపుకోదగినదేదో నిలుపుకోగలుగుతాము.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. ప్రతిదినం ప్రసారాలు జరగడం 1965లో మొదలైనది. తెలుగువారి విషయంలో ఒక విచిత్రం ఉన్నది. మన నగరాల కంటె ముందు మన పల్లెలే టెలివిజన్‌ను చూచినవి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, అమెరికా నుంచి ఎరువు తెచ్చుకొన్న ఒక ఉపగ్రహం సహాయంతో, ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూళ్లకు వాడే ఇనుపవలతో పదడుగుల గొడుగువంటి యాంటెనా కట్టి, ఊరుమ్మడి స్థలంలో పెట్టెను నిలిపారు. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంకాలం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, ఆటపాటలు. సంవత్సరం గడవగానే ఆ ఎరువు గడువు తీరిపోయినది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైనది అటు తరువాత, 1977 అక్టోబరు 23న.

1982లో ఏషియన్ క్రీడల సంవత్సరాన రంగుల ప్రసారాలు, దేశమంతటికీ ఒకే జాతీయ కార్యక్రమం వచ్చినవి. తరువాత రెండు మూడేళ్లలో చిన్న పట్టణాలకు కూడా ప్రసారాలు అందినవి. ఇంటి కప్పులపై గొట్టాల యాంటెనాలు మొలిచినవి. గాలి వీచి బొమ్మ చెదిరితే ఒకడు డాబా ఎక్కి గొట్టం తిప్పడం, మరొకడు కిటికీ దగ్గర నిలిచి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, అక్కడే!" అని కేక వేయడం ఆనాటి వీధులలో నిత్యకృత్యం. వీధికి ఒకటో రెండో పెట్టెలు. ఆ ఇంటివారు కుర్చీలలో, ఇరుగుపొరుగు పెద్దలు చాపలమీద, పిల్లలు నేలమీద తెరకు ఆనుకొని కూర్చునేవారు. అదొక చిన్న సభ.

ఆ సభలో జరిగినదేమి? 1984 జులైలో మొదలైన 'హమ్ లోగ్', 1987 జనవరి నుంచి 1988 జులై వరకు నడచిన రామానంద్ సాగర్ 'రామాయణ్', 1988 అక్టోబరు 2న ప్రారంభమైన బి.ఆర్.చోప్రా 'మహాభారత్', శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' అన్నీ హిందీలో వచ్చినవే. మన పల్లెలలో, పట్టణాలలో హిందీ తెలిసినవారు ఎందరు? అయినా ఆదివారం ఉదయం వీధులు నిర్మానుష్యమయ్యేవి. హరికథలో, తోలుబొమ్మలాటలో రామకథను విన్నవారికి ఆ భాష అడ్డు రాలేదు. అక్షరం రాని అవ్వ మనుమలకు వ్యాఖ్యాత అయినది. "ఇప్పుడు కైక వరాలు అడుగుతుంది చూడు" అని ఆమె ముందుగానే చెప్పేది. వాల్మీకంలో లేని ఊర్మిళాదేవి నిద్రను, మన స్త్రీల పాటలలోనిదాన్ని, నడుమ తెచ్చి కలిపేది. పిల్లవాడు తెరమీద ఒక రామాయణాన్ని, పక్కనుంచి మరొక రామాయణాన్ని ఏకకాలంలో వింటూ, ఒక కథకు అనేక రూపాలు ఉంటాయన్న సత్యాన్ని తెలియకుండానే నేర్చుకొన్నాడు. సాహిత్య విద్యార్థి కళాశాలలో నేర్చే పాఠమిది.

మరొక సంగతి. ఆనాటి బాలుడికి ఎన్నుకొనే అవకాశం లేదు. చూస్తే ఉన్న ఒక్కదాన్నే చూడాలి, లేకుంటే లేచిపోవాలి. శుక్రవారం సాయంకాలం 'చిత్రలహరి'లో రానున్న పాటకోసం కూర్చున్నవాడు అంతకు ముందు వ్యవసాయ కార్యక్రమంలో వరికి పట్టే తెగుళ్లను గురించి వినేవాడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చే ప్రాంతీయ భాషా చిత్రాలలో బెంగాలీ ఇంటి వసారాను, కేరళ కాలువను చూచేవాడు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 1984లో ప్రారంభించిన పాఠాలు సగం అర్థమయ్యేవి, సగం కాకపోయేవి. 1983 నవంబరు 14 నుంచి శాంతిస్వరూప్ గారు చదివిన తెలుగు వార్తలు, రాజకీయం తెలియని పిల్లల చెవులకు కూడా, స్పష్టంగా పలికితే తెలుగు ఎంత హాయిగా ఉంటుందో చెప్పినవి. ఎదుట తెరపై అక్షరాలు నడిపే పరికరం లేని ఆ రోజులలో ఆయన వార్తలను కంఠస్థం చేసి చెప్పేవారు. ఇవి ఏవీ ఆ బాలుడు కోరినవి కావు. కోరనివి లభించడమే అతనికి కలిగిన మేలు.

అమ్మ వడ్డించే విస్తరికి, పూటకూళ్లింటి భోజనానికి ఉన్న తేడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. పూటకూళ్లమ్మ అడిగినదే పెడుతుంది. డబ్బు ఇచ్చినవాడి నాలుక ఆమెకు ప్రమాణం. అమ్మ విస్తరిలో కాకరకాయ కూడా పడుతుంది. ముఖం చిట్లించి తిన్నవాడికే పదేళ్ల తరువాత ఆ రుచి తెలుస్తుంది. ఇప్పటి చేతిఫోను మహా చతురురాలైన పూటకూళ్లమ్మ. నిన్న నీవు ఏది చూచావో గుర్తు పెట్టుకొని నేడు అదే జాతి వస్తువును ముందు పెడుతుంది, రేపు మరికొంచెం పెడుతుంది. బాలుడి అభిరుచి నిన్నటి దగ్గరే ఆగిపోతుంది. ఎన్నిక అనంతమైనది, ఎన్నుకొనే మనస్సు మాత్రం ఇరుకైపోయినది.

ఎదురుచూపు సంగతి కూడా చెప్పాలి. ఆదివారం చూచిన కథ వచ్చే ఆదివారం వరకు మనస్సులో నానేది. ఆ ఏడు రోజులు కథ పిల్లలదే. సోమవారం ఉదయం బడిలో, చూచినవాడు చూడనివాడికి చెప్పేవాడు. విద్యుచ్ఛక్తి పోయి సగమే చూచినవాడు మిగిలిన సగాన్ని మరొకడిని అడిగి తెలుసుకొనేవాడు. ఇంట్లో పెట్టె లేనివాడు నలుగురి నోట విన్నదాన్ని కూర్చుకొని, ఒక్కొక్కప్పుడు చూచినవాడికంటె బాగా చెప్పేవాడు. చూచిన గంటను పది నిమిషాలలో చెప్పడం, ముఖ్యమైనదేదో, వదలదగినదేదో నిర్ణయించుకోవడం, వినేవాడి ముఖం చూచి కథను పెంచడం, తగ్గించడం, ఇవి రచనకు మొదటి మెట్లు. వ్యాసరచన నేర్పడానికి మనం నేడు పడుతున్న శ్రమలో సగం ఆనాడు ఆ మర్రిచెట్టు కింద ఉచితంగా జరిగిపోయినది.

మన ఆలంకారికులు నాటకం చూచేవాడిని 'సామాజికుడు' అన్నారు. ఒంటరిగా కన్ను తెరచి చూచేవాడు అని కాదు, సమాజంలో ఒకడై కూర్చుని రసాన్ని అనుభవించేవాడు అని దాని భావం. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను అడిగినది కూడా చూడదగినదీ వినదగినదీ అయిన ఒక క్రీడావస్తువునే. అన్ని వర్ణాలవారికీ చెందే అయిదవ వేదంగా ఆయన దానిని సృష్టించాడని ఆ గ్రంథం చెబుతున్నది. పక్కవాడు నవ్వినప్పుడు నవ్వు రెట్టింపవుతుంది. పక్కవాడి కన్ను చెమర్చినప్పుడు మన దుఃఖానికి మర్యాద కలుగుతుంది.

అయితే ఆ కాలాన్ని ఉన్నదున్నట్లు చూడాలి. అన్ని వర్ణాలదీ అన్న మాట మన ఊళ్లలో అన్ని చోట్లా నిజం కాలేదు. పెట్టె ఉన్న ఇంటి గడప అందరికీ ఒకే తీరుగా తెరుచుకోలేదు. కిటికీ ఊచలు పట్టుకొని బయటినుంచి చూచి వెళ్లిన పిల్లలున్నారు. వంటయింటి పని తీరక కథలో సగమే విన్న తల్లులున్నారు. వార్తలలో వినిపించినది ప్రభుత్వం గొంతు ఒక్కటే. రాత్రి మంచివేళ హిందీకి పోగా తెలుగుకు మిగిలిన సమయం తక్కువ. 1995 ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ వచ్చినప్పుడు తెలుగువారు సంతోషించడానికి న్యాయమైన కారణమే ఉన్నది. 1996లో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు 'పాడుతా తీయగా' ప్రారంభించి, పిల్లలచేత పాడించి, ఉచ్చారణ దోషాలను ప్రేమతో సరిదిద్దినది ప్రైవేటు చానలులోనే. కనుక ప్రభుత్వపు పెట్టె మంచిది, ప్రైవేటు పెట్టె చెడ్డది అనే వాదం నాది కాదు. ఆ గుత్తాధిపత్యం తిరిగి రావాలని కోరడమూ లేదు.

ఫోనును నిందించడం కూడా తేలిక. మారుమూల పల్లెలోని ఆడపిల్ల నేడు గొప్ప ఆచార్యుల గణిత పాఠాన్ని తన గుడిసెలో కూర్చుని వినగలుగుతున్నది. ఆ అవకాశాన్ని లాగివేసేవాడు ఉపాధ్యాయుడు కాడు. కాని అదే ఇంటిలో నలుగురు నాలుగు తెరలను చూస్తూ, ఒకరు చూచినది మరొకరికి తెలియక, రాత్రి భోజనాలవద్ద మాట్లాడుకొనడానికి ఉమ్మడి విషయం ఒక్కటి లేక మౌనంగా లేచిపోతున్నారన్నదీ నిజమే. 2020 మార్చి 28 నుంచి, మహమ్మారివల్ల అందరూ ఇళ్లలో ఉండిపోయినప్పుడు, దూరదర్శన్ 'రామాయణ్'ను తిరిగి ప్రసారం చేసినది. అనేక గృహాలలో తాతలు, మనుమలు మళ్లీ ఒకే తెర ముందు కూర్చున్నారు. కలిసి చూచే కోరిక చావలేదు. దానికి వేళ, చోటు కరవైనవి, అంతే.

ఆ వేళను, ఆ చోటును పాఠశాల ఇవ్వగలదు. 1975లో పల్లెబడి పిల్లలు చేసిన పని అదే కదా! ఇప్పుడు అనేక పాఠశాలల గోడలకు తెరలు అమర్చి ఉన్నాయి. వాటిని పాఠ్యాంశాలకే పరిమితం చేయక, పక్షానికి ఒక్క సాయంకాలం, నియమిత సమయానికి, అందరినీ కూర్చోబెట్టి ఒక మంచి చిత్రాన్నో, నాటకాన్నో, దేశంలోని మరొక ప్రాంతపు జీవితాన్నో చూపించవచ్చు. ఎన్నిక ఒకమారు ఉపాధ్యాయుడిది, ఒకమారు విద్యార్థులలో వంతు వచ్చినవారిది. తెలియని భాష అయినా భయపడనక్కరలేదు. నడుమ ఆపరాదు, ముందుకు తోయరాదు. మరునాడు, రానివారికి వచ్చినవారు కథ చెప్పాలి. ఆ తరువాత ఇష్టమున్నవారు ఒక పుట వ్రాయాలి. మార్కులు వేయకపోవడమే మంచిది. మార్కులు వేసిన మరుక్షణం అది మరొక పరీక్ష అవుతుంది. గడపకు అవతల ఎవ్వరూ నిలబడకుండా చూచుకోవడం మాత్రం ఉపాధ్యాయుని ధర్మం. ఆనాటి వీధి చేయలేకపోయిన పనిని నేటి బడి చేయాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీ చేతిలోని తెరను పారవేయమని ఎవ్వరూ అనడం లేదు. వారానికి ఒకమారు మీరు కోరనిదాన్ని, మీ ఇంటి పెద్దలలో ఎవరికైనా ఇష్టమైనదాన్ని, వారి పక్కన కూర్చుని తుదికంటా చూడండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వారితోనే వాదించండి. మీకు నచ్చినదాన్ని వారికి చూపండి; వారి వ్యాఖ్యానం వినండి. ఒంటరిగా చూచినవాడికి కాలం గడుస్తుంది. కలిసి చూచి, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పగలిగినవాడికి భాష వస్తుంది, ఎదుటివాడి మనస్సు తెలుస్తుంది. మనం బడులు పెట్టుకొన్నది ఆ రెంటి కోసమే కదా.