కోశం మారినా ఫైలు మారరాదు

మన కళాశాల ఉర్దూ, తెలుగు శాఖల వారు ఇన్నేళ్ళుగా కంప్యూటరులో దాచుకొన్న సంచికల పుటలు, ఫాంట్లు, ముషాయిరాల ధ్వనిముద్రణలు, విద్యార్థుల ప్రాజెక్టులు సబ్‌వెర్షన్ అనే పాత కోశం నుండి గిట్ అనే కొత్త కోశానికి మారనున్నవి. మార్పు అవసరమే, దానిని మేము కాదనడం లేదు. అయితే ఈ సందర్భంలో "అక్షరాలు చేరితే చాలును, తక్కిన బరువంతా వదలివేయవచ్చును" అనే మాట తరచుగా వినవస్తున్నది. ఈ మాటతో మేము ఏకీభవించలేకున్నాము.

కోశమని మేమన్నది వెర్షన్ కంట్రోల్ వ్యవస్థను. ఒక ఫైలును ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలిసేటట్లు దాని ప్రతి రూపాన్నీ భద్రపరచే ఏర్పాటు అది. అందులో రెండు జాతుల ఫైళ్ళుంటాయి. వ్యాసం, ప్రోగ్రాము వంటివి పంక్తులు గల పాఠాలు. ఫాంటు, బొమ్మ, ధ్వని, ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుట మొదలైనవి బైనరీ ఫైళ్ళు. వాటిలో పంక్తులుండవు, వాటిని యంత్రమే చదవాలి.

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన వారెవరిని అడిగినా ఒక సంగతి చెబుతారు. అర్థం తెలియకపోయినా ఉన్నదున్నట్లు వ్రాసిన లేఖకుని వలన పెద్ద హాని లేదు. తనకు తప్పుగా తోచిన చోటనెల్లా దిద్దుకొంటూ పోయిన పండిత లేఖకుడే ప్రమాదకారి. 1990లలో లోకమంతటా వ్యాపించిన సీవీఎస్ అనే కోశం ఈ రెండవ కోవకు చెందినది. యూనిక్స్ యంత్రాలలో పంక్తి ముగింపుకు 10 అనే విలువ గల ఒకే బైటు గుర్తు. విండోస్‌లో 13, 10 అనే రెండు బైట్లు. కాబట్టి సీవీఎస్ విండోస్ యంత్రం మీదికి ఫైలును తీసేటప్పుడు ప్రతి 10 ముందూ ఒక 13ను చేర్చేది. పాఠానికిది ఉపకారమే. ఫాంటులో మాత్రం 10 అనేది పంక్తి ముగింపు కాదు, ఏదో ఒక అక్షరపు కొలత కావచ్చును. పైగా ట్రూటైప్ ఫాంటు మొదటనే, ఏ భాగం ఎన్నవ బైటు వద్ద మొదలవుతుందో తెలిపే పట్టిక ఉంటుంది. ఒక్క బైటు అదనంగా చేరినా దాని తరువాతివన్నీ తమ చోటు తప్పుతాయి.

దీనికి విరుగుడుగా బైనరీ ఫైలును చేర్చేటప్పుడు "కేబీ" అనే గుర్తు పెట్టాలి. మరచినవారు లోకంలో కోకొల్లలు. ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. గుర్తు మరచినా, యూనిక్స్ యంత్రం నుండి చేర్చిన ఫైలు కోశంలో క్షేమంగానే ఉండవచ్చును. బయటికి తీసేటప్పుడే చెడుతుంది గనుక, గుర్తు సరిచేసి తిరిగి తీస్తే దక్కుతుంది. విండోస్ నుండి చేర్చినదైతే 13, 10 జంటలన్నీ లోపలికి వెళ్ళేటప్పుడే ఒంటి 10లుగా కుదించుకుపోతాయి. ఏ 10 పక్కన మొదట 13 ఉండేదో తరువాత ఎవరూ చెప్పలేరు.

ఈ పీడ ఎంత విస్తృతమైనదంటే, 1990ల మధ్యలో పీఎన్‌జీ అనే చిత్రరూపాన్ని కల్పించినవారు ప్రతి చిత్రానికీ తొలి ఎనిమిది బైట్లలో కావాలనే 13, 10 జంటను, కొంచెం ఎడంగా ఒక ఒంటి 10ని పెట్టారు. దారిలో ఎవరైనా పంక్తులు "దిద్దితే" ఆ ముద్రే ముందుగా చెడి, దొంగను పట్టిస్తుంది. ఎంత ముందుచూపో!

సబ్‌వెర్షన్ ఈ విషయంలో మెరుగు. మనం చెప్పనిదే పంక్తుల జోలికి పోదు. గిట్ ఊహ చేస్తుంది. సున్న విలువ గల బైటు కనిపిస్తే బైనరీ అని తలుస్తుంది. ఈ ఊహ సాధారణంగా సరియే గాని, పాఠమూ బైనరీ కలగలిసిన పీడీఎఫ్ వంటి వాటి వద్ద పొరబడే అవకాశం ఉన్నది. టీటీఎఫ్, పీడీఎఫ్, ఇన్‌పేజ్ ఫైళ్ళు బైనరీలని గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైలులో ముందుగానే వ్రాసిపెట్టుకొంటే ఊహకు తావుండదు. పది పంక్తుల పని.

"ఫాంటుకింత రాద్ధాంతమెందుకు? పాఠం ఉన్నది కదా" అనేవారికి మన పాత తెలుగు పుటలే సమాధానం. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కూర్చిన పుటలో నిజానికి తెలుగు అక్షర సంకేతాలుండవు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే ఉంటాయి, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు పోతే ఆ వ్యాసం అర్థం లేని గుర్తుల గుంపు. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 తరువాత కొత్త రూపం ఎరుగదు. అక్షరాలు చేరితే చాలుననేవారు ఏ అక్షరాలను గురించి చెబుతున్నారో మాకు బోధపడదు.

పెద్ద సంస్థలకు కూడా ఈ పని తప్పలేదు. గూగుల్ ఫాంట్స్ సంచయం మొదట మెర్క్యూరియల్ అనే కోశంలో, గూగుల్ కోడ్ వేదిక మీద ఉండేది. 2015లో ఆ వేదికను మూసివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. సంచయం గిట్‌హబ్‌కు మారింది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన సూరన్న, గిడుగు, గురజాడ, సురవరం వంటి తెలుగు ఫాంట్లు నేడు అక్కడే ఉన్నవి. ప్రబంధకవి పేరు పెట్టుకొన్న ఫాంటు కూడా యంత్రం దృష్టిలో బైట్ల వరుసయే. ఆ వరుస చెదరకుండా ఉన్నందుననే నేడు ఎవరైనా దానితో పుట కూర్చగలుగుతున్నారు.

మార్పిడిలో ఏదీ చెడలేదని తెలుసుకొనేదెట్లా? ఉర్దూ విద్యార్థులకు అబ్జద్ లెక్క తెలుసును. బిస్మిల్లా అక్షరాల విలువలు కూడితే 786 అవుతుంది. ఫైలుకు కూడా అటువంటి సంఖ్యను కట్టవచ్చును. అయితే మామూలు కూడికలో అక్షరాలు తారుమారైనా మొత్తం మారదు. వేరొక వాక్యానికి కూడా 786 రావచ్చును. షా-256 అనే లెక్క అటువంటిది కాదు. ఒక్క బైటు మారినా, రెండు బైట్లు చోటు మారినా అది ఇచ్చే 64 అంకెల ముద్ర ఆనవాలు లేకుండా మారిపోతుంది. మార్పిడికి ముందు ప్రతి ఫైలు ప్రతి రూపానికీ ఈ ముద్రను వ్రాసుకొని, తరువాత సరిచూడాలి. గిట్ ఇటువంటి లెక్క తానే కడుతుంది కదా అని అంటారు. కడుతుంది, తనలోనికి చేరిన దానికి. దారిలోనే చెడి వచ్చిన ఫైలుకు కూడా చక్కగా ముద్ర వేసి దాచిపెడుతుంది.

బరువును గురించిన ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు. గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలును స్వీకరించదు. ఇందుకోసమే 2015లో గిట్ ఎల్ఎఫ్ఎస్ అనే ఏర్పాటు వచ్చింది. కోశంలో మూడు పంక్తుల చీటీ ఉంటుంది, అసలు ఫైలు వేరొక చోట ఉంటుంది. తరువాత మరొక చోటికి మారేటప్పుడు చీటీలను మోసుకుపోయి అసలును వదిలిపెట్టే ప్రమాదం ఇందులో ఉన్నది. మూల ప్రోగ్రాము నుండి తిరిగి తయారు చేసుకోగల ఫైళ్ళను మాత్రం నిస్సంకోచంగా వదలివేయవచ్చును. ముషాయిరాలో వినిపించిన గొంతును ఏ మూలం నుండీ తిరిగి తయారు చేయలేము.

ముద్రల పట్టికను వ్రాయడానికి రెండు సాయంత్రాలు చాలును. కౌకూర్ నుండి, బొల్లారం నుండి వచ్చే మన విద్యార్థులలో ఈ పని చేయగలవారు పలువురున్నారు. కమిటీ వారు వారికి గది తాళం ఇప్పించి, పట్టిక సరిపోలినదని ఉభయ శాఖలూ సంతకం చేసేవరకు పాత యంత్రాన్ని కదల్చకుండా ఉంచవలసినదిగా కోరుతున్నాము.