కట్లు విప్పాకే అసలు పని

ప్రతి వెయ్యి కాన్పుల్లో దాదాపు ఒక బిడ్డ పాదం లోపలికి మెలితిరిగి పుడుతుంది. మడమ పైకి లేచి, అరికాలు పక్కకు తిరిగి ఉంటుంది. డాక్టర్లు క్లబ్‌ఫుట్ అంటారు, ఊళ్లో వంకర పాదం అంటారు. వీరిలో దాదాపు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి.

ఇంట్లో వెంటనే మొదలయ్యే విచారణ మాత్రం తల్లి మీద. గ్రహణం పూట బయటికొచ్చావా? కత్తిపీట పట్టుకున్నావా? గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. జన్యువుల పాత్ర ఉందని తెలుసు కానీ, చాలామంది పిల్లల్లో కచ్చితమైన కారణం ఇదీ అని వైద్యశాస్త్రమే చెప్పలేకపోతోంది. పచ్చి బాలింతను ఇలా బోనెక్కించడం క్రూరం. నష్టపోయేది బిడ్డ కూడా. తప్పు తనదేనని నమ్మిన తల్లి ఆ కాళ్లను గుడ్డ కింద దాస్తుంది. నూనె రాసి మర్దన చేస్తే అదే సర్దుకుంటుందన్న పెద్దల మాట వింటుంది. వైద్యానికి అన్నిటికన్నా అనువైన తొలి వారాలు అలా చేజారిపోతాయి.

నిజానికి ఈ వైద్యం సులువైనది, చవకైనది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్పెయిన్ డాక్టరు ఇగ్నాసియో పోన్సెటీ దీన్ని రూపొందించారు. పసిబిడ్డ కీళ్లు, స్నాయువులు మెత్తగా సాగుతాయి కనుక డాక్టరు వారానికోసారి పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా సరిచేసి, వేళ్ల నుంచి తొడ దాకా పిండికట్టు వేస్తారు. అయిదారు కట్లకు పాదం దారికొస్తుంది. ఎక్కువమందికి మడమ వెనక స్నాయువు మీద చిన్న గాటు పెట్టి, మూడు వారాలు చివరి కట్టు ఉంచుతారు. ఆలోగా ఆ స్నాయువు మళ్లీ అతుక్కుంటుంది.

కట్టు విప్పాక పాదం చక్కగా కనిపిస్తుంది. వైద్యం అయిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకునేది అప్పుడే. చాలామంది పిల్లలు వెనక్కి పోయేదీ అక్కణ్నుంచే. ఒక కడ్డీకి రెండు చివర్లా బిగించిన బూట్లను మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా రాత్రుళ్లూ పగటి నిద్రల్లోనూ తొడగాలి. మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది.

ఆ బూట్లు తొడగడం కాసేపటి పనే, కానీ ఓపిక కావాలి. మెత్తటి నూలు మేజోడు ముడత లేకుండా వేసి, మడమ బూటు అడుగుకు ఆనేదాకా నొక్కిపట్టి, ముందు మధ్య పట్టీ బిగించాలి. తీసినప్పుడల్లా చర్మం ఎర్రగా కందిందేమో చూడాలి. మొదటి కొన్ని రాత్రులు బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. 'పసిదాన్ని అలా కట్టి పడేస్తారా' అంటూ నాయనమ్మ కడ్డీ విప్పేస్తుంది. ఆమెది ప్రేమే. ఆ ప్రేమకు ఎదురు చెప్పి, అర్ధరాత్రి మళ్లీ బూట్లు తొడగాల్సింది మాత్రం తల్లి ఒక్కతే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో గుర్తించాల్సిన 30 సమస్యల్లో వంకర పాదాన్నీ చేర్చింది. చూపించడానికి డీఈఐసీ అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. కానీ గుర్తించడంతో, కట్లు వేయడంతో బాధ్యత తీరదు. నా దృష్టిలో ఈ కార్యక్రమం విజయానికి కొలమానం ఒక్కటే: నాలుగో పుట్టినరోజు దాకా ఎంతమంది పిల్లలు బూట్లు వేసుకున్నారు?

మొదటి ఏడాదిలో కొన్ని నెలలకోసారి బూట్ల సైజు మారుతుంది. ఆ సైజు దొరకని నెలలో అప్పటిదాకా చేసిన శ్రమ వృథా కావచ్చు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అమలవుతోంది కనుక తల్లికి చార్జీల బెంగ తగ్గింది. పోయిన కూలి సంగతేమిటి? క్షయ రోగులకు మందులు వాడినన్నాళ్లూ పోషకాహారం కోసం నెలకు వెయ్యి రూపాయలిస్తున్న ప్రభుత్వానికి, ఈ బిడ్డలు ఆసుపత్రికొచ్చిన రోజు కూలి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఆశా కార్యకర్త టీకాల కార్డు చూసినట్టే బూట్లూ చూడాలి. అంగన్‌వాడీ టీచరుకు వాటిని తొడగడం నేర్పాలి, పగటి నిద్ర అక్కడే కదా.

తండ్రులూ, మీరూ నేర్చుకోండి. రాత్రిపూట బూట్ల పని మీరు తీసుకుంటే ఆ తల్లికి సగం బరువు తగ్గుతుంది. నడక వచ్చాక తెలిసినా ఆలస్యమైపోయిందని బిడ్డను వదిలేయకండి. ఈ పద్ధతితోనే పెద్ద పిల్లల పాదాలు కూడా సరయ్యాయి. ముందు జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి.