హత్యాకాండ ముగిసిన తరువాత ఖండన ఎవరికి?

పరదేశంలో సైన్యాలు నిరాయుధ ప్రజలను వధిస్తుంటే చట్టసభ చేసే తీర్మానం ఉత్త కాగితమే కదా అని మనలోనే కొందరు మిత్రులు అంటున్నారు. వారితో మేము ఏకీభవించము. ఆ తీర్మానం ఏ తేదీన వెలువడినది, దాని వెనుక ఏ చర్య సాగినది అన్నదే ప్రశ్న.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాపై విరుచుకుపడి, విశ్వవిద్యాలయంలో విద్యార్థులను, అధ్యాపకులను కాల్చి చంపింది. ఆరు రోజులకే, మార్చి 31న, ప్రధాని ఇందిరాగాంధీ ప్రతిపాదించిన తీర్మానాన్ని మన పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. అది జాతి నిర్మూలనమేనని పేర్కొని, దానిని ఆపించవలసిందిగా ప్రపంచ ప్రభుత్వాలను కోరింది. ఆ ప్రధాని ప్రభుత్వం 1974 రైల్వే సమ్మెను అణచిన తీరును మేము మరువలేదు. అయినా నాటి తీర్మానం న్యాయమైనదే.

దానికి మూల్యం ప్రజలు చెల్లించారు, వసూలు చేసినవి మన చేతులు. దాదాపు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. 1971 నవంబరు 15 నుండి తపాలాపై అదనంగా అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ళ వచ్చింది. కొత్త బిళ్ళ అచ్చయ్యేలోగా కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదనే ఆ అక్షరాలు ముద్రించి అమ్మించారు. రైలు ప్రయాణంపైనా పన్ను పడింది. ఆనాటి కౌంటర్లలో కూర్చున్న మన పెద్దలకిది పుస్తకాల్లో చదివిన చరిత్ర కాదు.

అమెరికాలో ఏమి జరిగింది? తమ ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ ఏప్రిల్ 6న ఢాకా నుండి తంతి పంపిన కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్‌ను నిక్సన్ ప్రభుత్వం అక్కడి నుండి తప్పించింది. పాకిస్తాన్‌కు సహాయం నిలిపివేయాలని ప్రతినిధుల సభ ఆగస్టులో ఓటు వేసినా, ఆయుధాలు కొంతకాలం ఓడలెక్కుతూనే ఉన్నాయి. ఫిలడెల్ఫియా రేవు కార్మికులు మాత్రం పాకిస్తాన్ ఓడకు సరుకెత్తమని నిలిచారు. ఇక ఆ మారణకాండను జాతి నిర్మూలనంగా గుర్తించాలన్న తీర్మానం అదే సభలో ప్రవేశించినది 2022 అక్టోబరులో, అంటే 51 ఏళ్ళకు! అదీ ఓటుకు రాకుండానే ఆ సభ కాలపరిమితితో మురిగిపోయింది.

ఇప్పుడు గాజా మాట. 2023 అక్టోబరు 27న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పుల విరామం కోరిన తీర్మానంపై మన ప్రభుత్వం ఓటు వేయలేదు. హమాస్ అక్టోబరు 7న చేసిన దాడిని అందులో స్పష్టంగా ఖండించలేదన్నది చెప్పిన కారణం. ఆ డిసెంబరులో అనుకూలంగా ఓటు వేసి, 2025 జూన్‌లో మరల తటస్థత వహించింది. మన రేవు కార్మికుల సమాఖ్య అయితే ఇజ్రాయెల్‌కు పోయే ఆయుధాలను తాకబోమని 2024 ఫిబ్రవరిలోనే ప్రకటించింది.

అక్టోబరు 7న పౌరులను చంపడం నేరమే. గాజాలో పసిబిడ్డలను చంపడమూ నేరమే. పరుల తీర్మానంలో లోపమున్నదంటే, రెంటినీ ఖండించే వాక్యాలు మన పార్లమెంటే వ్రాయవచ్చును. 1971లో ఎవరి ముసాయిదా కోసమూ మనం వేచి ఉండలేదు. ఆ తీర్మానం ప్రవేశపెడతారా లేదా అని ప్రతి శాఖా తన నియోజకవర్గ సభ్యుని లిఖితపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతినే మాకు వ్రాయండి.