మూలవిధేయత కొలమానమేనా? అగాథా క్రిస్టీ రచనలు – రంగస్థల, చలనచిత్ర రూపాంతరాలు

ఒక నవలకూ, దాని ఆధారంగా వచ్చిన నాటకానికీ, చలనచిత్రానికీ మధ్య ఉన్న భేదాలను పట్టికగా కూర్చి, చివర ‘మూలానికి న్యాయం జరిగింది’ అనో ‘జరగలేదు’ అనో తీర్పు చెప్పడం తెలుగు పరిశోధనలో ఒక అలవాటుగా స్థిరపడింది. మూలం అపరాధ పరిశోధక నవల అయితే ఆ శ్రమ కూడా అనవసరమన్న భావన ఉంది. అందులో కథ మలుపు తప్ప సాహిత్యమంటూ ఏదీ లేదనీ, ఆ మలుపు తెరకెక్కితే రూపాంతరం పూర్తయినట్లేననీ అనుకుంటారు. ఈ రెండు ధోరణులూ పైకి వేరుగా కనిపించినా వాటి పుట్టుక ఒక్కటే: రచనను కథావస్తువుకు కుదించి చూడడం. అగాథా క్రిస్టీ (1890–1976) రచనలు పొందిన రూపాలను పరిశీలిస్తే ఈ రెండూ నిలవవు.

1926 నాటి ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’లో కథ చెబుతున్న వైద్యుడే హంతకుడు. అతడు పాఠకునితో అబద్ధమాడడు. హత్య జరిగిన కొద్ది నిమిషాలను మాత్రం ఒక మామూలు వాక్యంతో దాటవేస్తాడు. రహస్యం సంఘటనలో కాక, ఉత్తమ పురుష కథనంలో ఉంది. 1928లో మైకేల్ మోర్టన్ దీనిని ‘అలిబి’ పేరుతో నాటకంగా మలిచాడు. హతుడు, హంతకుడు, పరిశోధకుడు అందరూ రంగస్థలం మీదకు వచ్చారు. కథకుడు మాత్రం రాలేదు. వైద్యుడు అనుమానితులలో ఒకడిగా మిగిలాడు. కథ దాటింది కాని కళ దాటలేదు. డిటెక్టివ్ నవలలో కథ తప్ప మరేమీ లేకపోతే ఇక్కడ పోయినది ఏమిటి? ఈ ప్రశ్నకు కథావస్తువాదుల వద్ద సమాధానం లేదు.

ఈ ఉదాహరణ మూలవిధేయతావాదులకు బలమిస్తుందనిపించవచ్చు. క్రిస్టీకి కూడా ఆ నాటకం నచ్చలేదు. తరువాత ‘బ్లాక్ కాఫీ’ (1930)తో స్వయంగా నాటక రచనకు పూనుకున్నది. కాని నాటకకర్తగా ఆమె చేసినదేమిటి? తన మూలాలనే నిస్సంకోచంగా మార్చింది. 1946 నాటి ‘ది హాలో’ నవలలో ఉన్న పొయిరోను 1951 నాటకంలో పూర్తిగా తొలగించింది. ఆ నవలలో అతని ఉనికే దోషమని ఆమె తన ఆత్మకథలో అంగీకరించింది. పట్టిక వేసే పరిశోధకునికి ఇది ‘ప్రధాన పాత్ర లోపం’గా నమోదవుతుంది; నాటకానికి మాత్రం ఇది ఊపిరి. ప్రసిద్ధ పరిశోధకుడు వేదిక మీద ఉంటే ప్రేక్షకుని చూపు బాధితుల మీద నిలవదు.

‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ (1939) మరింత చిక్కైన ఉదాహరణ. నవలలో దీవికి చేరిన పదిమందీ మరణిస్తారు. న్యాయమూర్తి రాసి వదిలిన ఒప్పుకోలు పత్రం వల్లనే నిజం తెలుస్తుంది. 1943 నాటకంలో క్రిస్టీ ఇద్దరిని బతికించింది. అందుకోసం వారిని నిర్దోషులుగా మార్చవలసి వచ్చింది. రెనే క్లేర్ 1945లో తీసిన చలనచిత్రం నాటకపు ముగింపునే అనుసరించింది. 1987లో సోవియట్ దర్శకుడు స్తనిస్లావ్ గొవొరూఖిన్ నవల ముగింపును నిలిపాడు. ఇక్కడ రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, 1945 చిత్రాన్ని నేరుగా నవలతో పోల్చి తప్పుపట్టడం పద్ధతి దోషం; మధ్యలో నాటకం ఉంది. రెండవది, రచయిత్రి చేసినంత మాత్రాన మార్పు సమర్థనీయం కాదు. చట్టానికి చిక్కని అపరాధం అందరిలోనూ ఉందన్న నవల నైతిక భారం, ఇద్దరు నిర్దోషులు రాగానే తేలికపడింది. దీనిని లోపమనవచ్చు. అయితే ఆ లోపం ‘మార్పు’ కావడం వల్ల రాలేదు, మారిన తరువాత ఏర్పడిన అర్థం బలహీనపడడం వల్ల వచ్చింది.

దీనికి ప్రతిగా ‘విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్’ను చూడాలి. 1925లో వెలువడిన కథలో హంతకుడు నిర్దోషిగా విడుదలవుతాడు. అతనిని కాపాడిన స్త్రీకి అతని నేరం ముందే తెలుసునని చివర బయటపడుతుంది. 1953 నాటకంలో అతడు మరో యువతి కోసం ఆమెను వదిలివేయబోగా, ఆమె అతనిని పొడిచి చంపుతుంది. 1957లో బిల్లీ వైల్డర్ తీసిన చిత్రం కూడా ఈ ముగింపునే తీసుకున్నది. న్యాయస్థానాన్ని మోసగించిన తెలివి గురించిన కథ, తన తెలివికి తానే బలైన స్త్రీ విషాదంగా మారింది. మూలాన్ని అతిక్రమించడం వల్లనే నాటకం మూలాన్ని మించింది.

ఈ వివేచనకు పాశ్చాత్య సిద్ధాంతాల కోసం వెతకనక్కరలేదు. కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో ప్రకరణవక్రతను, ప్రబంధవక్రతను నిరూపించినది ఇందుకే. భారతంలో లేని దుర్వాసశాపాన్ని కాళిదాసు కల్పించడం అతని దృష్టిలో శోభ, అపచారం కాదు. ప్రసిద్ధ కథ రసాన్నే మార్చిన కృతులనూ అతడు ప్రశంసించాడు. తెలుగు శాఖలలో తిక్కన కీచకవధ ఘట్టంలోని మార్పులను ఔచిత్యమని, నాటకీయత అని బోధిస్తారు. అదే అధ్యాపకవర్గం చలనచిత్రంలో మార్పు కనబడగానే మూలద్రోహమంటుంది. పద్యానికి ఒక నీతి, తెరకు మరొక నీతి అన్నది విమర్శ కాదు, పక్షపాతం.

ప్రబంధాల మార్పులు కవిప్రతిభ వల్ల వచ్చాయనీ, జనరంజక రచనల మార్పులు టికెట్ల అమ్మకం కోసం వచ్చాయనీ ఒక ఆక్షేపణ ఉంది. ఇది కొంతవరకు నిజం. 1943 నాటకపు సుఖాంతం వెనుక ప్రేక్షకుల అభిరుచిని కాదనలేము. కాని ప్రబంధకవి ముందు కూడా కృతిపతి కూర్చుని ఉన్నాడు. ప్రేరణ ఎక్కడిదన్నది చరిత్రకారుని ప్రశ్న. ఫలితం ఏమిటన్నది విమర్శకుని ప్రశ్న. మొదటి దానికి సమాధానం చెప్పి రెండవది ముగిసిందనుకోవడం తప్పు.

ఈ చర్చ క్రిస్టీ కోసం మాత్రమే కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను తరాల పాఠకులు చదివారు. పాఠ్యప్రణాళికలు మాత్రం ఆ సాహిత్యాన్ని గడప దాటనివ్వలేదు. నవలగా చదవదగనిదన్న దానిని రూపాంతరంగా పరిశీలించదగినదని ఎవరూ అనరు. కనుక తెలుగులో నవల–చలనచిత్ర అధ్యయనం ‘ఏమి మారింది?’ అన్న పట్టికతో ఆగిపోరాదు. ఏ మాధ్యమం ఏ మార్పును కోరింది, ఆ మార్పు వల్ల కృతి కొత్తగా ఏమి చెప్పగలిగింది, ఏది చెప్పలేకపోయింది అన్న మూడు ప్రశ్నలతో అది సాగాలి. విధేయత సేవకుని గుణం. రూపాంతరకర్త నుండి విమర్శ ఆశించవలసినది కావ్యనిర్మాణం.