అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఎందుకు?

మన హాస్టల్ పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని అద్దెకు తీసుకున్న సర్వర్ గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలిచాము. అందులో పాత ప్రశ్నపత్రాలు, నోట్సులే కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం తమ్ముళ్లు స్కాన్ చేయించిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీలు కూడా ఉన్నాయి. "మన దగ్గర ఏముందని దొంగలొస్తారు?" అనే అన్నలు ముందుగా ఈ సంగతి గమనించాలని మనవి.

అసలు వచ్చేవాడికి మనమెవరో తెలియదు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ అనే దారి మామూలుగా 22వ నంబరు పోర్టులో ఉంటుంది. ఆ తలుపు కనబడిన ప్రతిచోటా తట్టిచూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. మన లాగ్ ఫైలు తెరిస్తే రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో విఫలమైన ప్రయత్నాలు మెస్సు ముందు క్యూలా బారులు తీరి ఉంటాయి.

ఎనిమిది చిన్న ఇంగ్లిషు అక్షరాలతో దాదాపు 20,882 కోట్ల పాస్‌వర్డులు చేయవచ్చు. సెకనుకొకటి చొప్పున అన్నీ ప్రయత్నించాలంటే 6,600 ఏళ్లు పడుతుంది. అంత ఓపిక ఎవడికుంది? వాళ్లు పరీక్షించేది మన అలవాట్లను: పేరు పక్కన 123, ఊరు పక్కన సంవత్సరం. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు 60 పైచిలుకు పట్టుకుని, టెల్నెట్ దారిలో లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. మన ఉమ్మడి పాస్‌వర్డ్ కూడా హాస్టల్ పేరూ, ఒక సంవత్సరమూనే. నాలుగు బ్యాచ్‌ల వాళ్లకు అది నోటికి వచ్చు.

ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాం కదా, చాలదా అని కొందరి వాదన. అది లాగ్ చదువుతూ, మామూలు సెట్టింగుల ప్రకారం 10 నిమిషాల్లో 5 సార్లు తప్పిన ఐపీ అడ్రసును 10 నిమిషాలు ఆపేస్తుంది. మంచిదే, ఉండనిద్దాం. కానీ దాడి వెయ్యి చోట్ల నుంచి రెండేసి ప్రయత్నాలుగా వస్తే దాని లెక్కకు అందదు. పైగా హాస్టల్ వైఫైలో ఉన్న మనమంతా బయటికి ఒకే ఐపీగా కనిపిస్తాం. ఒక తమ్ముడు కంగారులో ఐదుసార్లు తప్పు కొడితే అప్లికేషన్ చివరి తేదీన అందరికీ తలుపు మూసుకుంటుంది. పోర్టు నంబరు మార్చితే లాగ్‌లో రద్దీ తగ్గుతుంది, అంతే.

అందుకే పాస్‌వర్డ్ ప్రవేశాన్నే తీసేయాలని మేము గట్టిగా కోరుతున్నాము. ఎస్‌ఎస్‌హెచ్ 1995లో ఫిన్లాండ్‌లో పుట్టిందే అక్కడి ఒక యూనివర్సిటీ నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగతనమైనందువల్ల. కీ జతతో ప్రవేశం అందులో మొదటినుంచీ ఉంది. మన ట్రంకు పెట్టెలనే చూడండి. తాళం అందరికీ కనబడుతుంది, చెవి మాత్రం మన మొలతాడుకే ఉంటుంది. ఇక్కడా అంతే: పబ్లిక్ కీ సర్వర్‌లో, ప్రైవేటు కీ ఎవరిది వారి దగ్గర, దానిపై ఒక పాస్‌ఫ్రేజ్. ఒకరి ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్కరి వరుస చెరిపేస్తాం, మిగతావారికి ఇబ్బంది లేదు. పాస్‌వర్డ్ ఊహించి వచ్చేవాడికి ఊహించడానికి ఏమీ మిగలదు.

"జూనియర్లకు కష్టం" అనే మాట మాత్రం మేము ఒప్పుకోము. స్కాలర్‌షిప్ ఫారం నింపగలిగినవాడికి కీ తయారుచేయడం పది నిమిషాల పని. ఆ ఫారమే కష్టం!

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో అందరి పబ్లిక్ కీలు తీసుకుంటాము. ప్రైవేటు కీ ఎవరడిగినా, మేమడిగినా ఇవ్వకండి. అందరూ కీతో లోపలికి వెళ్లగలుగుతున్నారని చూసుకున్నాకే, ఒక కిటికీ తెరిచి ఉంచుకుని, పాస్‌వర్డ్ అథెంటికేషన్‌కు, కీబోర్డ్ ఇంటరాక్టివ్‌కు రెండింటికీ 'నో' పెడతాము.